ఏకాకి సారథి

తన్నెవరును చూడని చోట మనుష్యుడు ధర్మమును ఏల పాటింపవలెనను ప్రశ్న మన పూర్వులకును పాశ్చాత్యులకును చిరపరిచితమైనదే. ఉభయులును చెప్పిన సమాధానము ఇంచుమించుగా ఒక్కటియే: చూచువాడు లోపల ఉన్నాడు. మనవారు దానిని ఆత్మసాక్షి అనిరి. మనువు ధర్మమునకు మూలములను లెక్కించుచు వేదమును, స్మృతిని, సదాచారమును చెప్పి, కట్టకడపట ఆత్మతుష్టిని చేర్చెను. (మనువు చెప్పిన పెక్కు విషయములతో మాకు పేచీ ఉన్నను ఈ నాలుగవదానియెడ గౌరవమే కలదు.) ఇంగ్లండులో 18వ శతాబ్దమున బిషప్పు బట్లరు మనుష్యస్వభావమునందు అంతరాత్మయే సహజాధికారి అని వాదించెను. ఈ సమాధానము దొంగ విషయమునను, లంచగొండి విషయమునను చక్కగా సరిపోవును. దొంగ మేలుకొనియే ఉండును. వాని అంతరాత్మయు మేలుకొనియే ఉండును. వినుట, వినకపోవుట వాని యిష్టము. కాని ఆ సాక్షియే నిద్రపోయినచో ఏమి చేయవలెను?

ఈ సందేహము మాకు ఉపనిషత్పాఠమువలన కలుగలేదు. కొత్తగా లారీ నడుపుటకు పూనుకొని, క్లీనరు లేక, తోడు డ్రైవరు లేక, రాష్ట్రములు దాటి ఒంటరిగా పోవు యువకుల బ్రతుకును కొంత తెలిసికొన్న పిమ్మట కలిగినది. చదువుకొన్న కుటుంబములలో లారీ అనగా మన కారునకు దారి ఇయ్యని యొక పెద్ద వస్తువు. లారీ డ్రైవరు అనగా పిల్లనియ్యదగనివాడు. అంతకుమించి వానినిగూర్చి ఆలోచించు అలవాటు మనకు లేదు. మన వంటింటి బియ్యపు డబ్బాకును వాని కనురెప్పకును సంబంధమున్నదనిన నవ్వుదుము. ఆ సంబంధమును చూపుటయే ఈ వ్యాసమునందు మా ప్రయత్నము.

పూర్వము దూరపు లారీలో ఇద్దరుండుట నియమమువంటిది. ఒకడు డ్రైవరు, రెండవవాడు క్లీనరు. క్లీనరు చేయు పని ఇంతయని చెప్పజాలము. బండి వెనుకకు పోవునపుడు దిగి నిలిచి “రానీ, రానీ, హోల్డాన్” అని కేకవేయువాడు అతడే. ఎడమప్రక్క అద్దమునకు చిక్కని సైకిలువానిని కనిపెట్టి తలుపుమీద అరచేతితో చరచువాడు అతడే. టైర్లను కఱ్ఱతో కొట్టి చప్పుడునుబట్టి గాలి తెలిసికొనుట, తాళ్లు బిగించుట, పట్టా కప్పుట, ధాబాయొద్ద డ్రైవరు నిద్రించుచుండగా టాంకులోని డీజిలును మీది సరకును కావలి కాయుట, ఇవన్నియు అతని పనులే. అన్నిటికంటె ముఖ్యమైన పని యొకటి కలదు. దానికి జీతము లేదు, పేరును లేదు. అర్ధరాత్రి దాటిన తరువాత డ్రైవరు మాట తడబడెనా, పిలిచినపుడు పలుకుట ఆలస్యమాయెనా, “అన్నా, కాసేపు ఆపుదాం” అనువాడు క్లీనరు. ఋతుపర్ణుని రథమును ఒక్క పగటిలో విదర్భకు తోలిన బాహుకుడు సైతము ఒంటరివాడు కాడు. ప్రక్కన వార్ష్ణేయుడు ఉండెను. తానిపండ్లను లెక్కించుటకు బాహుకుడు దిగినపుడు పగ్గములు పట్టినవాడు ఆ వార్ష్ణేయుడే. నలోపాఖ్యానమును బోధించునపుడు మేము ఈ వార్ష్ణేయుని విశేషముగా చెప్పుదుము. పిల్లలు నలునే జ్ఞాపకముంచుకొందురు.

క్లీనరు పద్ధతిని మేము మెచ్చుకొనుచున్నామని ఎవ్వరును అనుకొనరాదు. బడికి పోవలసిన ఈడున పిల్లవానిని బండి ఎక్కించి, తిట్లతోను దెబ్బలతోను ఏండ్ల తరబడి పని నేర్పుట విద్య కాదు. ఆ పిల్లలు నేడు బడికి పోవుచున్నారు, పెద్దయిన పిదప వేరు పనులకు పోవుచున్నారు. అది సంతోషింపదగిన సంగతియే. పోవలసినది పోయినది. కాని దానితోపాటు రెండవ జత కండ్లును పోయినవి, వాని స్థానమున మరియొక జత రాలేదు. నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లుండవలెనను నిబంధన చాలకాలము కాగితముమీద ఉండెను. 2018లో దానినిగూడ తొలగించిరి. అటు తరువాత ఒంటరి ప్రయాణము దొంగచాటు పని కాదు, చట్టసమ్మతమైన పని. డ్రైవర్ల కొరతయు, క్లీనరు జీతమును మిగుల్చుకొనవలెనను ఆశయు కలిసి దానిని నానాటికి సామాన్యము చేయుచున్నవి. ఇక కొత్తవాని అర్హత యేమి? 20 ఏండ్లు నిండవలెను. చిన్న మోటారు వాహనపు లైసెన్సు చేతికి వచ్చి ఏడాది కావలెను. అటుపిమ్మట కొన్ని వారముల శిక్షణ, ఒక పరీక్ష. గేర్లు వేయుట, ఎత్తున బండి నిలుపుట, ఎయిరు బ్రేకు వాడుట నేర్పుదురు. ఎప్పుడు ఆగవలెనో నేర్పువారు లేరు.

మాయొద్ద మూడేండ్లు తెలుగు చదివిన విద్యార్థి యొకడు ఇట్టివాడే. ఇంటర్మీడియటుతో చదువు మానవలసివచ్చి, కొంతకాలము చిన్న వ్యానును తోలి, ఇరువదియైదవ యేట పది చక్రముల లారీ ఎక్కెను. మొదటి రెండు తడవలు పెద్ద డ్రైవరు ప్రక్కన కూర్చుండి పోయెను. మూడవ తడవ యజమాని తాళపుచెవి ఇచ్చి “నువ్వే తీసుకెళ్లు” అనెను. తాడేపల్లిగూడెములో బియ్యపు బస్తాలు, సుమారు 18 టన్నులు, చేర్చవలసినది కొచ్చికి. గోదావరి డెల్టా బియ్యము కేరళకు పోవుట పాతకాలమునుండి ఉన్నదే. విజయవాడ, ఒంగోలు, నెల్లూరు మీదుగా పోయి, నాయుడుపేటయొద్ద మళ్లి, చిత్తూరు, వేలూరు, సేలము, కోయంబత్తూరు దాటవలెను. మొత్తము సుమారు 1,200 కిలోమీటర్లు.

అతడు ఆ నాడు ఉదయము ఆరు గంటలకు లేచెను. మిల్లుయొద్ద వరుసలో నిలుచుట, లోడు ఎక్కించుట, కాటా వేయించుట, బిల్లులు, పట్టా, తాళ్లు: ఇంతలో చీకటి పడెను. రాత్రి ఎనిమిది గంటలకు బయలుదేరెను. చదువరులు ఇచట ఒక్క నిమిషము ఆగవలెను. మన లెక్కలో అతని ప్రయాణము ఎనిమిదింటికి మొదలైనది. అతని శరీరము లెక్కలో పదునాలుగు గంటల క్రిందటనే మొదలైనది. విజయవాడలో టీ త్రాగెను, చిలకలూరిపేట దాటి మరల త్రాగెను. ఒంగోలు దాటునప్పటికి అర్ధరాత్రి గడిచినది. ఆ తరువాతి సంగతి అతని మాటలలోనే చెప్పెదము: “మాస్టారూ, టంగుటూరు టోల్‌గేటు ఎప్పుడు దాటానో నాకు తెలియదండి. సింగరాయకొండా తెలియదు. కావలి బోర్డు చూసి, అదేంటి, అప్పుడే కావలి వచ్చేసిందా అనుకున్నాను. బండి రోడ్డుమీదే ఉంది. నేనే నడిపాను. కానీ ఆ ముప్పావుగంట నాలో లేదండి.”

టోల్‌గేటులో ఫాస్టాగు పనిచేసినది. రుసుము తెగినట్లు యజమాని ఫోనునకు సందేశము పోయినది. బండి ఎక్కడ ఉన్నదో యజమానికి తెలియును. డ్రైవరు ఎక్కడ ఉన్నాడో డ్రైవరునకే తెలియదు. ఆ ముప్పావుగంటకు లోకమున సాక్షియైనది అద్దమునకు అంటించిన ఆ చీటీ యొక్కటే.

ఇట్టిది అరుదైన వింత కాదు. 1997లో ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ప్రకారము, 17 గంటలు ఎడతెగక మేలుకొన్నవాని నేర్పు, రక్తమున నూటికి 0.05 వంతు మద్యమున్నవాని నేర్పునకు దిగిపోవును. 24 గంటలు మేలుకొన్నచో 0.10 వంతునకు సమానము. మన మోటారు వాహనముల చట్టము అనుమతించునది 0.03 మాత్రమే. మా విద్యార్థి ఆ రాత్రి పదునొకండు గంటలకే పదునేడు గంటలు నిండించెను. అనగా చుక్కయైన ముట్టక, టీ మాత్రమే త్రాగి, చట్టము ఒప్పని స్థితికి చేరెను. పోలీసువారు దారిలో ఆపి గొట్టము ఊదించియుండిన, నిర్దోషియని పొమ్మందురు. మద్యమును కనిపెట్టు గొట్టమున్నది. నిద్రను కనిపెట్టు గొట్టము రోడ్డుమీద లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి మూడు సెకనుల కునుకులో 50 మీటర్లు పోవును. దానిమీద 18 టన్నుల బియ్యము ఉండెను.

అయినను మమ్ము ఎక్కువగా కలతపెట్టినది ఈ లెక్క కాదు, 2003లో అమెరికాయందు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన మరియొక లెక్క. కొందరిని రెండు వారములపాటు రాత్రికి ఆరు గంటలు మించి నిద్రింపనీయక పరీక్షించిరి. దినదినమునకు వారి నేర్పు తగ్గుచునే పోయి, చివరకు పూర్తిగా నిద్రలేనివాని స్థితికి వచ్చెను. కాని “నిద్ర వచ్చుచున్నదా?” యని అడిగినపుడు, కొద్దిగానేయని వారు చెప్పుచుండిరి. తాము ఎంత చెడిపోయిరో తమకే తెలియలేదు. ఇచట ఆత్మసాక్షి సిద్ధాంతము తలక్రిందులగుచున్నది. నిద్రమత్తు మొట్టమొదట హరించునది చేతుల బలము కాదు, కాళ్ల బలము కాదు. నాకు నిద్ర వచ్చుచున్నదని గుర్తించు బుద్ధినే హరించును. వాది, ప్రతివాది, న్యాయాధికారి, బంట్రోతు అందరును ఒక్క మనిషియే అయిన న్యాయస్థానమున న్యాయాధికారియే కునికిపాట్లు పడినచో తీర్పు ఎవరు చెప్పుదురు?

కఠోపనిషత్తు శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను చెప్పి, ఆత్మను రథికుడుగా వెనుక కూర్చుండబెట్టినది. దానిని చదివినవారందరును గుఱ్ఱముల దుడుకుతనమునుగూర్చి విరివిగా వ్రాసిరి. సారథి నిద్రపోయిన సందర్భమును ఎవరును విచారించినట్లు మాకు కనబడలేదు. పతంజలి ఒక్కడు నిద్రను చిత్తవృత్తులు అయిదింటిలో చేర్చెను. అనగా అది వట్టి శూన్యము కాదు, చిత్తమునకు కలుగు వ్యాపారమే, దానినిగూడ అదుపులో పెట్టవలెనని ఆయన అభిప్రాయము. అది యోగికి చెప్పిన మాట. నెలకు ఇరువదిరెండు రాత్రులు బండి నడుపువానికి చెప్పినది కాదు.

గ్రీకుల తత్త్వవేత్త అరిస్టాటిలు ఈ చిక్కును మద్యము విషయమున ఎదుర్కొన్నాడు. త్రాగి నేరము చేసినవాడు, ఆ క్షణమున నాకు తెలివి లేదని చెప్పుకొనవచ్చునా? వీలులేదనెను. తెలివి లేకపోవుట నిజమే. కాని తెలివి ఉన్నప్పుడు త్రాగకుండుట వాని చేతిలోనే ఉండెను. కావుననే కొన్నిచోట్ల త్రాగి చేసిన నేరమునకు శిక్ష ఇబ్బడి చేసిరని ఆయన వ్రాసెను. ఈ న్యాయము నిద్రకును కొంతవరకు వర్తించును. బాధ్యత కావలియొద్ద లేదు, తాడేపల్లిగూడెముయొద్ద ఉన్నది. రెండు గంటల రాత్రివేళ “ఆపుదునా, పోదునా” అను విచారము పుట్టినప్పటికే విచారించు శక్తి సగము పోయి ఉండును. ఆపవలెనను నిర్ణయము, ముఖము కడిగికొని బండి ఎక్కిన వేళ, మెలకువగా ఉన్నవాడు చేయవలసినది.

అయితే అరిస్టాటిలు చెప్పిన త్రాగుబోతునకును ఈ డ్రైవరునకును ఒక భేదము కలదు. త్రాగుబోతు తన సుఖమునకు త్రాగెను. ఇతడు ఎవరి సుఖమునకు మేలుకొన్నాడు? మా విద్యార్థికి జీతము ట్రిప్పు లెక్కను వచ్చును; పైన దినమునకు బత్తా. ఎన్ని ట్రిప్పులు తిరిగిన అంత జీతము. ఆగి నిద్రించిన రాత్రికి ఆ మేరకు లోటు. మాట మార్చి చెప్పుదుము: మనము ఇతనికి కిలోమీటరునకు కూలి ఇచ్చి, నిద్రకు జరిమానా వేయుచున్నాము. అటుపైన ప్రమాదము జరిగిన మరునాడు పత్రికలో “డ్రైవరు నిద్రమత్తే కారణము” అని చదివి, తలయూచి, పుట త్రిప్పుదుము. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరని కేంద్రప్రభుత్వపు లెక్క. అందులో నిద్రవలన పోయినవారెందరో తేల్చుట కష్టము. చనిపోయిన డ్రైవరు సాక్ష్యము చెప్పడు, బ్రతికినవాడు ఒప్పుకొనడు.

మరియొక విచిత్రమును గమనింపుడు. కొల్లేటి చేపలు మంచుగడ్డలలో కప్పబడి అస్సామునకు పోవును. అవి ఆలస్యమైనచో చెడును. మదనపల్లె టమాటాలకును తొందర తప్పదు. బియ్యము అట్టిది కాదు. వర్షమున తడవకున్నచో బియ్యము వారము దినములు దారిలోనున్నను బియ్యమే. ఇంకను కొంత పాతబడినచో అన్నము పొడిపొడిగా వచ్చునని మన ఆడవారు సంతోషింతురు కూడ. సరకుతోపాటు ఉండవలసిన ఈ-వే బిల్లు సైతము 200 కిలోమీటర్లకు ఒక దినము గడువు ఇచ్చుచున్నది. ఆ లెక్కను 1,200 కిలోమీటర్లకు ఆరు దినములు. చట్టమునకు తొందర లేదు, బియ్యమునకు తొందర లేదు. తొందర అంతయు లారీ అప్పు వాయిదాలోను, తిరుగు లోడు దొరకునో లేదోయను భయములోను ఉన్నది. యజమానిని దుర్మార్గుడని మేము అనము. మన దేశమున లారీ యజమానులలో హెచ్చుమంది అయిదు బండ్లకు లోపు ఉన్నవారే. నిన్నటి డ్రైవరే నేటి యజమాని. ఫైనాన్సు కంపెనీ వాయిదా వానికిని నిద్ర పట్టనీయదు. కాని వాని నిద్రలేమి మంచముమీద. వీని నిద్రలేమి స్టీరింగు వెనుక.

సరే, ఆగుదమన్న ఎక్కడ ఆగుట? రోడ్డు అంచున ఆపిన, వెనుకనుండి వచ్చువాడు గ్రుద్దును. నిర్జనమైన చోట ఆపిన, డీజిలు తోడుకొనిపోవువారున్నారు, పట్టా కోయువారున్నారు. క్లీనరు లేని బండికి కావలి లేదు. ధాబాయొద్ద ఆపిన, అప్పటికే నిండి ఉండును. కావున ఒంటరివాడు ఒక కన్ను తెరచి నిద్రించును. అది నిద్ర కాదు. ఒకప్పుడు బాటసారికి సత్రము కట్టించుట మన దేశమున పుణ్యకార్యములలో మొదటిదిగా ఉండెడిది. కోనసీమలో లంకలగన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళకాని వేళ వచ్చిన బాటసారులకును అన్నము వడ్డించి దేశమంతట కీర్తిగాంచిరి. ఆమె పేరు మనము నేటికిని భక్తితో చెప్పుకొందుము. కాని నేటి బాటసారి ఎవరని ఆలోచింపము. ధనవంతులు గుడులకు గోపురములు కట్టించుచునే ఉన్నారు. రాత్రి కాపలాయు, నాలుగు మంచములును, స్నానమునకు నీళ్లును గల లారీల సత్రమొకటి తమ తండ్రి పేర కట్టించినవారిని మేము ఇంతవరకు చూడలేదు. రాజమార్గములమీద డ్రైవర్లకు వేయి విశ్రాంతి భవనములు నిర్మింతుమని 2024లో ప్రధానమంత్రి ప్రకటించిరి. మంచి మాట. పుణ్యము చేయదలచినవారు దానిని చూచి తమ వంతు తీరినదని అనుకొనకుందురు గాక.

చట్టము చేసినది లేకపోలేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మించి పని చేయింపరాదనియు, అయిదు గంటలకు ఒకసారి అరగంట విశ్రాంతి ఇయ్యవలెననియు విధించెను. చక్కని విధియే. కాని అది అయిదుగురుగాని అంతకు మించిగాని పనివారున్న సంస్థలకే వర్తించుచుండెను. ఒకటి రెండు బండ్ల యజమానులకు అంటలేదు. 2020 నాటి కార్మికస్మృతిలో దానిని విలీనము చేసిరి. 2025 అక్టోబరు 1వ తేదీనుండి తయారగు పెద్ద లారీలకు డ్రైవరు గదిలో చల్లని గాలి యంత్రము తప్పనిసరి చేసిరి. నలుబది అయిదు డిగ్రీల ఎండలో ఇంజను ప్రక్కన కూర్చుండువానికి అది భోగము కాదు, న్యాయము. ఐరోపాలో నాలుగున్నర గంటలు నడిపిన పిమ్మట ముప్పావుగంట విశ్రాంతి విధి. అమెరికాలో ఒంటరి డ్రైవరే సామాన్యుడు. కొత్తవానిని కొన్ని వారములు శిక్షకుని ప్రక్కన కూర్చుండబెట్టి పిదప ఒక్కనిని పంపుట అచటి పెద్ద కంపెనీల పరిపాటి. అచట వరుసగా పది గంటల విశ్రాంతి తరువాత పదునొకండు గంటలకు మించి నడుపరాదు. ఆ గంటలు వ్రాయు పని 2017 డిసెంబరునుండి బండిలోని యంత్రమునకు అప్పగించిరి. యంత్రము గంటలనెరుగును గాని నిద్రనెరుగదని అచటి డ్రైవర్లు గొణుగుదురు. అది నిజమే. అయినను ఆ యంత్రమువలన ఒక మేలు కలదు: “నేను ఆగుచున్నాను” అని డ్రైవరు యజమానికి చెప్పి తిట్లు తినవలసిన పని లేదు; ఆగుమన్నది తాను కాదు, యంత్రము.

ఈ మేలు చిన్నది కాదు. గ్రీకుల పురాణములో ఉలిస్సీసను వీరుడు మోహినుల గానము చెవినిబడక ముందే తన్ను ఓడ స్తంభమునకు కట్టివేయుమని నావికులను ఆజ్ఞాపించెను. తరువాత తాను విప్పుమన్నను విప్పవద్దనెను. రాబోవు బలహీనతను ఎరిగి ముందుగా తన్నుతాను కట్టుకొనుటకు ఇంగ్లీషు గ్రంథకర్తలు ఈ కథను దృష్టాంతముగా చూపుదురు. ఆ దృష్టాంతమున వారు సాధారణముగా మరచునది యొకటి కలదు: త్రాడు కట్టినవారు నావికులు. వారు లేనిచో ఉలిస్సీసు తెలివి వ్యర్థము. తన్నుతాను కట్టుకొనువాడు ముడిని చేతికందు చోటనే వేసికొనును.

ఇచట కొందరు అడుగవచ్చును: “ఇరువదియైదేండ్లవాడు, చదువుకొన్నవాడు, తెలిసియే ఈ వృత్తిలో దిగినాడు. వాని నిద్రకు లోకమంతయు పూచీ పడవలెనా? ఇట్లు చెప్పుట వానిని పసిబిడ్డను చేయుట కాదా?” ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ప్రతి తప్పునకును సంఘమే కారణమనుట మా అభిమతము కాదు. అట్లన్నచో దారిన పోవువానిమీదికి బండి ఎక్కినపుడు ఎవరిని నిలదీయుదుము? బాధ్యత వానిదే. కాని ఆ బాధ్యతను నెరవేర్చు వీలు వానికి ఉండవలెను. ఆగినందుకు కూలి కోసి, ఆగుటకు చోటు లేకుండ చేసి, ఆగుమను తోడును తీసివేసి, ఆ తరువాత “నీ యిష్టము” అనుట స్వేచ్ఛ ఇచ్చుట కాదు. అతడు తనవంతు చేసినాడో లేదో విచారించుటకు ముందు, తనవంతు అనునది వానికి మిగిలెనా అని చూడవలెను.

మా విద్యార్థి తనకు మిగిలిన దానితో ఏమి చేసెనో చెప్పెదము. కొచ్చినుండి వచ్చిన పిదప యజమానిని కలిసికొని, రాత్రి ఒంటిగంటనుండి అయిదు గంటలవరకు బండి నడుపనని చెప్పెను. యజమాని కిరాయి బేరమాడినట్లు బేరమాడెను. చివరకు రెండునుండి అయిదువరకు అని కుదిరినది. ఆ మూడు గంటలలో బండి కదలలేదేమని ఫోను చేయరాదనునది రెండవ షరతు. ఇది యజమానికి మొదటి షరతుకంటె కష్టముగా తోచెనట. ఫోనులో బొమ్మ కదలక నిలిచియున్నచో వాని మనసు నిలువదు. ఇక చోటు. అతని ఊరిచుట్టు పట్టులనుండి దక్షిణమునకు తిరుగు బండ్లు మరి రెండు కలవు. ఆ డ్రైవర్లును ఒంటరివారే. వేళలు సరిపడినపుడు ముగ్గురును ఒంగోలు దాపున తెలిసిన పెట్రోలు బంకులో కలిసికొందురు. ఇద్దరు నిద్రింతురు, ఒకడు కూర్చుండును, గంటకొకసారి మారుదురు. ముగ్గురు ఒంటరివారు కలిసి క్లీనరునొకనిని కల్పించుకొనిరని మేమనగా నవ్వెను. వేళలు సరిపడని రాత్రులు ఇప్పటికిని ఉన్నవి. ఆ రాత్రులు ఏమి చేయుచున్నావని అడిగితిమి. “టోల్‌గేటు దాటగానే లైట్లకింద ఆపుతానండి. పోలీసువాళ్లు లేపితే లేస్తాను,” అనెను.

గృహస్థులమైన మనకు ఇందులో పని యున్నదా? మొదటిది ధర. ఆ బండి దారిలో ఒక రాత్రి ఆగుటవలన డ్రైవరు బత్తా, వాయిదా వడ్డీ మొదలగునవి కలిసి 3,600 రూపాయలు అదనమైనదని ఉదారముగానే లెక్కవేయుదము. 18,000 కిలోల బియ్యముమీద పంచినచో కిలోకు 20 పైసలు. ఇరువదియైదు కిలోల బస్తా కొన్న యింటివారు బస్తాకు అయిదు రూపాయలు ఎక్కువ ఇయ్యవలెను. కూరగాయల బండివానియొద్ద కరివేపాకు కొసరి తీసికొను చేతికి ఈ అయిదు రూపాయలు బరువు కావు. కాని ఆ అయిదు రూపాయలు మననుండి బయలుదేరి డ్రైవరు నిద్రను చేరుటకు మధ్య దుకాణదారుడు, టోకు వర్తకుడు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, బ్రోకరు, యజమాని ఇందరున్నారు. ఇందరి చేతులు దాటి అవి వానిని చేరునని మేము హామీ ఇయ్యలేము. చట్టమున్నచో చేరును, దయను నమ్ముకొన్నచో చేరవు. రాత్రి తెప్పించి తెల్లవారకమునుపే గుమ్మములో ఉండవలెనని కోరు వస్తువుల సంగతి వేరుగా వ్రాయవలసి యుండును.

రెండవది ఫోను. డ్రైవరుల ఇండ్లలో తల్లులును భార్యలును ప్రేమచేతనే రాత్రి పది గంటలకు ఫోను చేసి “తిన్నావా, ఎక్కడున్నావు” అని అడుగుదురు. అతడు ఒక చేత స్టీరింగు పట్టుకొని, రెండవ చేత ఫోను పట్టుకొని, తిన్నానని అబద్ధమాడును. మా విద్యార్థి తల్లి మూడు నెలలనుండి ఆ అలవాటు మానినది. కొడుకు బండి ఆపి, హ్యాండు బ్రేకు లాగి, తలుపులు వేసికొన్న పిదప తానే ఒకసారి ఫోను మ్రోగించును. ఆమె ఆ ఫోనును దిండుప్రక్కన పెట్టుకొని పడుకొనును. రెండు గంటలు దాటిన పిమ్మట అది ఒక్కసారి మ్రోగి ఆగును. ఆమె ఎత్తదు. ఎత్తినచో మాటలు సాగుననియు, ఉన్న మూడు గంటలలో అరగంట పోవుననియు ఆమె మాతో చెప్పెను.